కాంట్రాక్టరు కుక్కకు ఈలమ్మ శిక్షణ

ఈలమ్మకు కుక్కలంటే ఏనాడూ రోత పుట్టలేదు. వాటి చెవుల్లో చీము కడిగింది, ఒంటికి పట్టిన గోమార్లు ఏరింది, కుళ్ళిన చేపల మీద పొర్లి వచ్చినవాటిని ఒళ్ళో పెట్టుకుని తుడిచింది. రోత పుట్టించేది ఆ కుక్కల్ని తాడు కట్టి పట్టుకొచ్చే మనుషులే.

మూతబడ్డ పెంకుల ఫ్యాక్టరీ వెనక ఖాళీ స్థలంలో వేటకుక్కలకు శిక్షణ ఇవ్వడం ఆమె పని. తండ్రి దగ్గర నేర్చుకున్నది. మెడలో ఎప్పుడూ ఇత్తడి ఈల వేలాడుతుంటుంది కనుక అందరికీ ఈలమ్మే. అసలు పేరు తమ్ముడికి తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. అతను వ్యాను నడుపుతాడు, కుక్కలున్నవాళ్ళను వెతికి తీసుకొస్తాడు.

ఒక ఉదయం ఇళ్ళు కట్టించే కాంట్రాక్టరు పది నెలల మగకుక్కను తెచ్చాడు. తేనెరంగు ఒళ్ళు, వేలాడే చెవులు. కారు తలుపు తీయడమే ఆలస్యం, అది బకెట్టు బోర్లించి, ఇసుక బస్తా చీల్చి, తమ్ముడి చెప్పొకటి నోట కరుచుకుని స్థలమంతా మూడు చుట్లు చుట్టింది. ఒక్కచోట నిలిస్తే ఒట్టు. ఈలమ్మ దానికి అక్కడికక్కడే సుడిగాడని పేరు పెట్టేసింది.

"రెండు నెలల్లో తయారు చెయ్యాలమ్మా. మా వాళ్ళందర్నీ వేటకి పిలుస్తున్నా. మాట వినకపోతే తోలు ఊడగొట్టు" అన్నాడు కాంట్రాక్టరు.

"తోలు ఊడగొడితే మాట వింటుందాండీ? మిమ్మల్ని చూసి తోక ముడుస్తుందంతే."

"రెండూ ఒకటేగా!" అని పళ్ళికిలించాడు.

కుక్క మెడ కింద వెంట్రుకలు ఊడి, బెల్టు వాతలు తేలి ఉన్నాయి. వాటిని తడుముతుంటే ఆమెకు నోట్లో చేదు ఊరింది. పొమ్మందామనుకుంది.

"వచ్చినవాణ్ణి తరిమేస్తే రేపు మన గుమ్మం ఎవడు తొక్కుతాడక్కా?" అన్నాడు తమ్ముడు, కారు వెళ్ళాక. ఆమె కుక్క తాడు అందుకుంది.

మొదటి వారం ఏమీ నేర్పలేదు, తనివి తీరా పరిగెత్తనిచ్చింది. తర్వాత పొడుగాటి తాడు కట్టి, ఒక పొట్టి ఈల ఊది, ఉన్నచోటే కూర్చోవడం నేర్పింది. పట్టిన పిట్టకు పంటి గాటు పడకూడదు కనుక, కోడిగుడ్డును నోట పట్టి తెమ్మనేది. సుడిగాడు పదకొండు గుడ్లు పెంకుతో సహా మింగేశాడు. పన్నెండోది చెక్కుచెదరకుండా, చొంగ కారుతూ తెచ్చి ఆమె అరచేతిలో పెట్టాడు. ఆ పూట ఆమె పట్టలేనంత సంబరపడింది.

వేట రోజున అక్కాతమ్ముళ్ళు కుక్కతో కాంట్రాక్టరు పొలానికి వెళ్ళారు. కంచె పక్కన ఆరుగురు మగవాళ్ళు కుర్చీల్లో జారగిలబడి, ఒళ్ళో తుపాకులు పెట్టుకుని ఉన్నారు. షెడ్డు వెనక పనివాడు పంజరం తెరిచాడు. బయటికొచ్చిన కౌజు పిట్టలు ఎగరలేదు. గంతులేస్తూ గడ్డిలో దొర్లాయి. గురి తప్పి దొరలు చిన్నబుచ్చుకోకూడదని వాటి రెక్కలు ముందే సగానికి కత్తిరించి ఉంచారు.

అంత చేసినా ఒక్కడి గురీ తగల్లేదు. సుడిగాడే వెళ్ళి ఒక పిట్టను ప్రాణాలతో తెచ్చి యజమాని చేతిలో పెట్టాడు. కాంట్రాక్టరు దాన్ని బంతిలా గాల్లోకి విసిరి కాల్చాడు. తప్పింది. కిందపడ్డ పిట్టను కుక్క మళ్ళీ తెచ్చింది. మళ్ళీ విసిరాడు. కుర్చీలు ఊగిపోయేలా నవ్వులు.

వాళ్ళను చూసి ఈలమ్మకు పుట్టిన అసహ్యం ఒకెత్తు. ఆ పిట్టను చావనివ్వకుండా అన్నిసార్లు తెప్పించింది తను నేర్పిన విద్యేనన్నది ఇంకొకెత్తు. ఈల నోట పెట్టి పొట్టిగా ఊదింది. పరుగు మధ్యలో సుడిగాడు టక్కున కూర్చున్నాడు.

"లే! పట్టుకురా!" కాంట్రాక్టరు అరిచాడు. కుక్క ఆమె వైపే చూసింది. అతను తుపాకీ తిరగేసి మడమతో కొట్టబోతే ఆమె అడ్డం నిలబడింది.

"ఆ దెబ్బ నా మీద పడనీయండి ముందు."

"ఆడకూతురివని ఊరుకుంటున్నా. ఏం నేర్పావే దీనికి?"

"మనుషుల మాట వినడం నేర్పానండీ. ఇక్కడ మనుషులుంటారనుకుని తీసుకొచ్చా."

కుర్చీల్లో ఎవడో కిసుక్కున నవ్వాడు. కాంట్రాక్టరు మొహం కందగడ్డయింది. "ఈ దరిద్రాన్ని నువ్వే ఏడువు!" అని చేతిలోని కుక్క బెల్టును ఆమె మొహాన విసిరికొట్టాడు.

ఆమె కుక్కను వ్యాను ఎక్కించింది. తమ్ముడు వెళ్ళి, గడ్డిలో దొరికినన్ని పిట్టల్ని ఏరి పంజరంలో వేసుకొచ్చాడు. తొమ్మిది దొరికాయి. వారం తిరిగేసరికి అయిదు మిగిలాయి.

ఆపైన ఆమె వేటకుక్కల్ని తీసుకోలేదు. ఇప్పుడు పెంపుడు కుక్కలకు వీధిలో సవ్యంగా నడవడం నేర్పుతోంది. వాటికి సెంటు కొట్టి తెచ్చేవాళ్ళను చూసినా ఆమెకు వెగటే, కానీ అది మొహం కడుక్కుంటే పోయే వెగటు.

కొన్నాళ్ళకు కాంట్రాక్టరు ఫోన్ చేశాడు, ఏమీ జరగనట్టు. ఇంకో కుక్కపిల్లను కొన్నాడట, మహా హుషారుదట. ఆమె ఫోన్ పెట్టేసి, పెరట్లోకి వెళ్ళి కాండ్రించి ఉమ్మింది.