మైల ఇంటి మీద తెల్ల జెండా

మా కొండల్లో మంచు ముందు రేడియోలో పడుతుంది, ఆ తర్వాతే నేల మీద. పొద్దున్నే వార్తలయ్యాక ఒక గొంతు, ఇంకా నిద్రమత్తు వదలని గొంతు, "మైదానాల్లో వాన, మలూతి కొండల మీద మంచు" అంటుంది. ఆ మాట కోసం చెవులు రిక్కించుకుని కూర్చునే మనిషి మా ఊళ్ళో ఒక్కతే ఉండేది. మా పక్కింటి మాపులానె. పొయ్యిలో పిడకలు సర్దుతూనే ఆ గొంతుకి జవాబు చెప్పేది. "అలాగే అయ్యా, చెప్తాలే" అనేది, ఆయనెవరో గుమ్మంలో నిలబడి కబురు అప్పజెప్పినట్టు.

ఆ కబురు ఆవిడ మొగుడు లెబూసాకి. లోయలో మేత చాలక అతను చలి ముదిరే దాకా గొర్రెలతో ఎదురు కొండ మీదే, రాళ్ళ గుడిసెలో ఉండేవాడు. అక్కడి నుంచి చూస్తే మా ఊరు అరచేతిలో పోసిన గింజల్లా కనిపిస్తుంది. మాపులానె బీరు కాచి అమ్మేది కాబట్టి ఆవిడ ఇంటి ముందు పొడుగాటి కర్ర ఎప్పుడూ పాతి ఉండేది. జొన్నబీరు పులిసిన రోజు దాని మీద తెల్లగుడ్డ ఎగిరేది, తాగేవాళ్ళు డబ్బాలు పట్టుకుని వచ్చేవాళ్ళు. రేడియో మంచు అన్న రోజు మాత్రం ఎర్ర దుప్పటి. అది లెబూసా ఒక్కడి కోసం. దుప్పటి ఎగిరితే సాయంత్రానికి గొర్రెల గంటలు వాగు దాటి వచ్చేవి. ఆవిడ గుమ్మంలో నిలబడి ఆ గంటలు వింటూ ఉండేది, పక్కన ఎవరు పలకరించినా వినిపించుకోకుండా. రేడియో చెప్పిన మంచు సగంసార్లు పడేది కాదు. ఊరంతా నవ్వేది. లెబూసా మాత్రం ఏమీ అనకుండా పొయ్యి దగ్గర చేతులు కాచుకునేవాడు. "మా ఆయన రేడియో మాట నమ్ముతాడు, మీలా మొండివాడు కాదు" అని ఆవిడ మా అందరి మీదా గొప్పలు పోయేది.

లెబూసా ఒక ఏడు వానాకాలం చివర, చలి మొదలవకముందే, ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. మాపులానె నల్లబట్ట కట్టింది, మా దగ్గర ఆ మైల నెలల తరబడి ఉంటుంది. మైలలో ఉన్న ఆడది పొద్దు వాలకముందే ఇంట్లో ఉండాలి, మంద దొడ్డి ఛాయలకి పోకూడదు, ఇంటి మీద ఏ రంగు గుడ్డా ఎగరకూడదు. కొండ మీదికి గొర్రెలతో ఇప్పుడు మరిది సియాబాటా, అంతకుముందు అన్నకి తోడుగా వెళ్ళేవాడు, ఒక్కడే వెళ్ళాడు. అన్నకి ఎంత నెమ్మది ఉందో తమ్ముడికి అంత నోరు. వెళ్ళేముందు మా అందరి ముందే అన్నాడు: "వదినా, ఆ ఎర్ర దుప్పటి పైకెత్తి నన్ను పరిగెత్తించాలని చూడకు. ఎత్తినా నేను రాను. రేడియోలో కూర్చున్నవాడు మన కొండ మొహమైనా చూశాడా?"

ఆ రోజుల్లో ఆవిడ మాట్లాడటమే తక్కువ. రేడియో మాత్రం మానలేదు. మంచం పక్కన పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేది. ఆ గొంతు చెప్పే ఊళ్ళ పేర్లు వింటూ ఉంటే తాను కూడా మబ్బుతో పాటు కొండల మీదుగా తేలిపోతున్నట్టు ఉంటుందని నాతో ఒకసారి చెప్పింది.

మాకు చలి ముదిరే జూలైలో ఒక పొద్దున ఆ గొంతు ఎన్నడూ లేనంత మెల్లగా పలికింది. సాయంత్రానికి మైదానాల్లో పెద్దవాన, రాత్రికి కొండల మీద మంచు, కనుమలు మూసుకుపోతాయి, పశువుల్ని దించుకోండి అంది. మా ఊరి మగవాళ్ళు పై ఊళ్ళో చావుకి వెళ్ళి ఉన్నారు. రాత్రి వానకి వాగు అప్పటికే మోకాళ్ళు దాటింది. కబురు చెప్పడానికి నేనే కొండెక్కబోతే మాపులానె చెయ్యి పట్టుకుని ఆపింది. సియాబాటా ఒంటరిగా ఉన్నాడు, గొర్రెల్ని వదిలి రాడు, మంచు కమ్మితే గుడిసెలోనే ఉండిపోతాడు. అక్కడ చలి కాచుకోవడానికి కట్టెలు లేవు. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు.

ఆవిడ లోపలికి వెళ్ళి వచ్చింది. చేతిలో ఉన్నది ఎర్ర దుప్పటి కాదు, బీరు గుడ్డ. తెల్లది. నేను నోరు తెరిచేలోపే అది కర్ర మీదికి ఎక్కింది. ఒక్క క్షణం మబ్బు విడిపోయి ఎదురు కొండ తడిసిన దుప్పటి మడతలా మెరిసింది, మళ్ళీ మూసుకుపోయింది. సియాబాటా చూశాడో లేదో మాకు తెలియలేదు.

ఊరు మాత్రం చూసింది. ముందుగా తాగుబోతు ముసలాళ్ళిద్దరు డబ్బాలతో వచ్చి, నల్లబట్టలో ఉన్న ఆవిడని చూసి, ఎటు పోవాలో తెలియక గుమ్మం బయట వానలో నిలబడ్డారు. తర్వాత లెబూసా మేనత్త వచ్చింది. మొగుడి సమాధి మట్టి ఇంకా ఆరలేదు, అప్పుడే బీరు దుకాణం తెరిచావా అంది. ఇన్నాళ్ళ మైలా గంగలో కలిసిపోయింది, మళ్ళీ మొదటి రోజు నుంచి చెయ్యాలి అంది. మాపులానె తల వంచుకుని సరే అంది. జెండా మాత్రం దించలేదు. మేనత్త కర్ర పట్టుకోబోతే అడ్డం నిలబడింది. అంత నెమ్మదైన మనిషిలో అంత బలం నేనెప్పుడూ చూడలేదు, నాకు భయమేసింది.

మధ్యాహ్నమంతా వాన. ఊరు పాలలో ముంచినట్టు మసకబారింది. ఇంటి ఎదురుగా ఉన్న ఇల్లు కూడా కనిపించలేదు. ఆవిడ గుమ్మంలోనే కూర్చుంది. ఆ తెల్లటి దాంట్లోంచి ఎంతో సేపటికి ఒక గంట వినిపించింది. నేను కలగన్నాననుకున్నాను. తర్వాత ఇంకో గంట.

సియాబాటా గొర్రెల్ని తోలుకుంటూ, ఆయాసంతో, కోపంతో వచ్చాడు. గడ్డం నుంచి నీళ్ళు కారుతున్నాయి. వాగు దగ్గర రెండు గొర్రెపిల్లలు కొట్టుకుపోయాయని తర్వాత తెలిసింది, అప్పుడు మాత్రం అతనికి ఆ ధ్యాసే లేదు.

"అన్న పోయి ఆర్నెల్లు కాలేదు. ఆ గుడ్డేంటి? ఎవరికి పోస్తున్నావు బీరు?"

"బీరు లేదు," అంది మాపులానె.

"మరి?"

"ఎర్రదానికి రానన్నావు కదా."

అతను కర్ర వైపు చూశాడు, మబ్బులో కలిసిపోయిన కొండ వైపు చూశాడు. గొర్రెల్ని దొడ్లోకి తోలాడు. తెల్లవారేసరికి వాన ఆగింది. కొండ నడుము దాకా తెల్లగా, చప్పుడు లేకుండా ఉంది. గుడిసె ఉన్న చోటు ఏదో వేలు పెట్టి చూపించడానికి కూడా వీల్లేదు. సియాబాటా చాలాసేపు దాన్నే చూశాడు. మాపులానె వేడి మొక్కజొన్న పాపా ముద్ద, ఆకుకూర అతని ముందు పెట్టింది. అతను ముద్ద పట్టుకుని తినకుండా కూర్చున్నాడు.

"వదినా, ఆ రేడియో మాట మా అన్న ఒక్కనాడూ నమ్మలేదు," అన్నాడు చివరికి. "నాతోనే అనేవాడు, వాడికేం తెలుసురా అని."

ఆవిడ గరిటె ఆపింది. "అబద్ధం. దుప్పటి ఎత్తిన ప్రతిసారీ వచ్చేవాడు."

"వచ్చేవాడు. దుప్పటి కనపడగానే మొహం వెలిగిపోయేది. నన్ను రమ్మంటోందిరా, పోవాలి అనేవాడు."

"మరి నాతో ఒక్కసారైనా అనలేదే?"

"అంటే సిగ్గుపడి దుప్పటి ఎత్తడం మానేస్తావని భయం," అన్నాడు సియాబాటా.

మాపులానె పొయ్యి దగ్గర కూలబడి మొహానికి నల్లబట్ట అడ్డం పెట్టుకుంది. లెబూసా పోయిన రోజున కూడా ఆవిడ అంతలా ఏడవడం నేను చూడలేదు.