చూశానని చెప్పిన సమాధులు

ఏళ్ళ తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేమీ కాదు, రెండే రెండు ముక్కలు. కానీ రోజురోజుకీ బరువెక్కుతోంది తప్ప తగ్గడం లేదు. మీరు నన్నెరగరు, నేను మిమ్మల్నెరగను. అందుకే మీతో చెప్పుకోగలుగుతున్నాను. నా పేరు అడగకండి. తెనాలి వైపు వాణ్ణి, డబ్లిన్‌లో బ్లాంచర్డ్స్‌టౌన్‌లో ఉంటాను, సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఇలాంటివాళ్ళు ఇక్కడ వీధికి నలుగురున్నారు కాబట్టి ఈ మాత్రం చెప్పినా దొరకను. చూశారా, తప్పు ఒప్పుకోవడానికి కూర్చుని కూడా ముందు దొరక్కుండా జాగ్రత్తపడుతున్నాను. నా బుద్ధే అంత.

అప్పట్లో డబ్లిన్ శివారులోని చెర్రీవుడ్‌లో కొత్త ఆఫీసులు పుట్టగొడుగుల్లా లేస్తున్నాయి. వారం వారం టీమ్‌లోకి కొత్త ముఖాలు వచ్చేవి. అలా వచ్చిన పోలండ్ అమ్మాయి ఈవా. నా పక్క సీటు. నేను ఏదో రిలీజ్ పని మీద లండన్‌లో ఉండగా మా ఆవిడ సునీతకు రెండోసారి గర్భం నిలవలేదు. ఇక్కడ మాకు అయినవాళ్ళెవరూ లేరు. నేను విమానం పట్టుకుని వచ్చేదాకా ఆసుపత్రిలో సునీత చెయ్యి వదలకుండా కూర్చున్నది ఈవానే. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, నేను ఎవరికి ద్రోహం చేశానో మీకు తెలియాలి.

ఈవా వాళ్ళ తాతగారు రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుడు. యుద్ధం ముగిశాక సొంత ఊరికి తిరిగి వెళ్ళలేక, ఎక్కడెక్కడో తిరిగి చివరకు ఐర్లండ్ చేరాడు. రోస్‌కామన్ పల్లెల్లో పొలం పనులు చేసుకుంటూ అక్కడే కన్నుమూశాడు. ఆయన ఇల్లు విడిచేనాటికి ఈవా తల్లి హెలెనా పొత్తిళ్ళలో ఉంది. తండ్రి ముఖం ఫొటోలో చూడటమే తప్ప ఎరగదు. డెబ్భై దాటాక, మోకాళ్ళు సహకరించకపోయినా, కొడుకు మారెక్‌ను వెంటబెట్టుకుని ఐర్లండ్ వచ్చింది. తన తల్లి సమాధి మీది మట్టిని ఒక చిన్న డబ్బాలో తెచ్చుకుంది. అది తండ్రి సమాధి మీద పోయాలి. ఆమె కోరిక అదొక్కటే. బతికుండగా మళ్ళీ కలవలేని వాళ్ళిద్దరినీ అలాగైనా కలపాలని.

ఈవాకు డ్రైవింగ్ రాదు. నా దగ్గర అప్పుడే కొన్న ఏడు సీట్ల బండి ఉంది. నేను తీసుకెళ్తానన్నాను. ఆసుపత్రి రుణం తీర్చుకోవడానికి అంతకన్నా మంచి అవకాశం ఏముంటుంది?

అప్పటికి సునీతకు ఐదో నెల. బయల్దేరే ముందు మా అత్తగారు వీడియో కాల్‌లోకి వచ్చారు. "బాబూ, మీరు ఎక్కడికైనా వెళ్ళండి గానీ ఆ సమాధుల్లోకి మాత్రం పోమాకండి. కడుపుతో ఉన్నదాని మొగుడు అటు అడుగు పెట్టకూడదు. ఈసారైనా బిడ్డ నిలవాలి కదా, నాయనా" అన్నారు.

"నేను కారు నడపడానికే కదండీ అత్తయ్యగారూ వెళ్ళేది" అన్నాను. పక్కన కూర్చున్న సునీత నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఇందులో దాచుకోవడానికి ఏముంది? మా ఇళ్ళల్లో ఉన్న పట్టింపే. ఆ మాట ఈవాతో చెబితే సరిపోయేది. కానీ చెప్పలేకపోయాను, ఎందుకంటే అప్పటికే నా నోరు నాకు చేటు చేసింది. హెలెనా మా ఇంటికి మొదటిసారి వచ్చిన రోజున నేను గుమ్మంలో నిలబడి చెయ్యి చాపాను. ఆవిడ తల అడ్డంగా ఊపి, గడప దాటి లోపలికి వచ్చాకే నా చెయ్యి అందుకుంది. గడప మీదుగా చేతులు కలిపితే గొడవలొస్తాయని వాళ్ళ నమ్మకమట. దాన్ని పట్టుకుని ఆఫీసులో భోజనాల దగ్గర ఈవాను ఎంత ఏడిపించానో! ఇంత చదువుకున్న పిల్లవి, ఇవన్నీ ఎలా నమ్ముతారు మీరు, అని వెక్కిరించాను. అలా వెక్కిరించినవాణ్ణి, మా అత్తగారు వద్దన్నారు కాబట్టి సమాధుల్లోకి రాను అని ఏ ముఖం పెట్టుకుని చెప్పను? గొప్పలకు పోవడం అంటే ఇదే.

రోస్‌కామన్‌లో మూడు రోజులు తిరిగాం. రాతి గోడల మధ్య ఒక్క కారు పట్టేంత దారులు, ఎదురుగా ట్రాక్టర్ వస్తే గోడకు అతుక్కుపోవాలి. అడిగిన ప్రతి ఇంట్లోనూ టీ ఇచ్చారు, ఆ పోలండ్ మనిషి ఒకడుండేవాడని తమ నాన్న చెప్పేవాడన్నారు, సమాధి ఎక్కడో మాత్రం చెప్పలేకపోయారు. వాళ్ళు సమాధుల తోటల్లోకి వెళ్ళినప్పుడల్లా నేను ఆఫీసు కాల్ ఉందని కారులోనే కూర్చున్నాను. శని, ఆదివారాల్లో కూడా ఆఫీసు కాల్ ఏమిటని ఎవరూ అడగలేదు. నమ్మారు. మంచివాళ్ళతో వచ్చే చిక్కే అది, అడగరు.

చివరి రోజు సాయంత్రానికి మూడు పాత సమాధుల తోటలు మిగిలాయి. మర్నాడు పొద్దున్నే హెలెనాకు విమానం. ఆకాశం నల్లబడుతోంది. పని పంచుకుందామంది ఈవా. చర్చి పక్కనున్నది తనూ తల్లీ, రోడ్డవతలది మారెక్. "గుట్ట మీదున్నది నువ్వు కారులో వెళ్ళి చూసి వస్తావా? చిన్నదేనట" అంది. ఇక ఏ కాల్ పేరు చెప్పను? తల ఊపాను.

వెళ్ళాను. తుప్పు పట్టిన ఇనుప గేటు. తాళం లేదు. లోపల నడుం లోతు గడ్డి, ముట్టుకుంటే మండే నెటిల్ మొక్కలు, వాటి మధ్య పక్కకు ఒరిగిన రాళ్ళు. గేటు మీద చెయ్యి వేశాను. అప్పుడు సునీత నా మోచెయ్యి పట్టుకోవడం గుర్తొచ్చింది. రెండోసారి ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక అది గోడ వైపు తిరిగి పడుకున్న రోజులు గుర్తొచ్చాయి. భయమేసింది. నిజంగా భయమేసింది. ఇక్కడిదాకా నన్ను నేను తప్పుపట్టను. భయం ఎవరికైనా వేస్తుంది.

తర్వాత చేసిందే తప్పు. అక్కడే కాసేపు నిలబడ్డాను. మరీ తొందరగా వెళ్తే అనుమానమొస్తుందని లెక్క వేసుకున్నాను. నా బూట్లు చూసుకుంటే శుభ్రంగా మెరుస్తున్నాయి. అప్పుడు, వింటున్నారా, పక్కనున్న గుంటలోకి దిగాను. చీలమండల దాకా బురద అంటించుకున్నాను. ప్యాంటుకు గడ్డి కూడా రుద్దుకున్నాను. భయపడ్డవాడు ఇంత తెలివిగా ఆలోచిస్తాడా? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడుక్కున్నానో. టెస్టు నడపకుండానే పాసయిందని రాసేవాణ్ణి మా వృత్తిలో మనిషిగా చూడరు. ఆఫీసులో కుర్రాళ్ళకు ఆ పాఠం చెప్పేది నేనే.

నేను కిందికి వచ్చేసరికి వాళ్ళు ముగ్గురూ చర్చి గోడ దగ్గర నిలబడి ఉన్నారు. వాళ్ళకు దొరకలేదని ముఖాలే చెబుతున్నాయి. నేను కారు దిగగానే హెలెనా నా వైపు రెండడుగులు వేసి పోలిష్‌లో ఏదో అడిగింది. 

"అన్నీ చూశావా, నాయనా, అంటోంది అమ్మ" అంది ఈవా.

"అన్నీ చూశాను. లేదు" అన్నాను.

ఆవిడ నా కాళ్ళ వంక చూసింది. సంచిలోంచి పేపరు రుమాళ్ళు తీసి, కారు తలుపు పట్టుకుని, ఆ వంగని మోకాళ్ళు వంచి, నా బూట్ల బురద తుడవబోయింది. వద్దు ఆంటీ, వద్దు ఆంటీ అని నేను వెనక్కి జరిగాను. ఆవిడ వినలేదు. తుడిచింది. తన తండ్రి కోసం ముళ్ళలో తిరిగి వచ్చినవాడి బూట్లని తుడిచింది. అప్పుడైనా చెప్పొచ్చుగా? గుట్ట మీదికి కారులో వెళ్తే ఎంతసేపని? చెప్పలేదు. ఆ మట్టి డబ్బాను ఒళ్ళో పెట్టుకుని ఆవిడ డబ్లిన్ దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

మాకు పాప పుట్టింది. బంగారంలా ఉంది. ఆ తర్వాతి చలికాలంలో హెలెనా పోయింది. మట్టి డబ్బాను ఆవిడతో పాటే శవపేటికలో పెట్టామని ఈవా ఫోన్లో చెప్పి ఏడ్చింది. నేను ఓదార్చాను. అవును, నేనే.

మా పాప ఈవా చేతుల్లోనే పెరిగింది. మేం తెలుగులో అడిగితే ఐరిష్ యాసలో ఇంగ్లీషులో జవాబిస్తుంది, ఈవా ఆంటీ కనిపిస్తే మమ్మల్ని మరిచిపోతుంది. దాన్ని చూసినప్పుడల్లా ఒక పాడు ఆలోచన వచ్చేది. ఆ గేటు దాటకపోవడం వల్లే ఇది దక్కిందా? అదేం కాదని నాకు తెలుసు. దాటినా పుట్టేది. కానీ అది తెలుసు అనుకుంటే నా అబద్ధానికి ఉన్న ఒక్క సాకూ పోతుంది. అందుకని కొన్నాళ్ళు తెలియనట్టే నటించాను, నా దగ్గర నేనే.

రెండేళ్ళ కిందట ఆఫీసు పని మీద గాల్వే వెళ్ళి ఒక్కణ్ణే వస్తూ, దారి మళ్ళించి ఆ గుట్ట ఎక్కాను. లేదని తేలితే నా పాపం సగం తీరుతుందని ఆశ. గేటు తీసి లోపలికి వెళ్ళాను. ఎడమ పక్క, గోడను ఆనుకుని, చిన్న రాయి. పేరు, దాని కింద పోలండ్ అన్న మాట. ఎవరో చుట్టూ గడ్డి కూడా పీకి పెట్టారు. వెతకాల్సిన పని కూడా లేదు. ఆ రోజు గడ్డి ఉన్నా సరే, గేటు దాటి ఎడమకు నాలుగడుగులు వేస్తే చాలు, కనిపించేది.

అప్పుడూ చెప్పలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం అనుకున్నాను. హెలెనానే లేదు, ఇప్పుడు చెప్పి ఈవాను బాధపెట్టడం దేనికి అని నాకు నేను ధర్మపన్నాలు చెప్పుకున్నాను. తేలు కుట్టిన దొంగలా మరో రెండేళ్ళు గడిపాను. ఈవాకూ ఆయన తాతే కదా? ఆ ప్రశ్నను దగ్గరకు రానివ్వలేదు.

కిందటి వారం ఈవా మా ఇంటికి భోజనానికి వచ్చింది. ఐర్లండ్ వదిలి శాశ్వతంగా పోలండ్ వెళ్ళిపోతోంది. పప్పన్నం తింటూ నవ్వుతూ, "ఆ బురద బూట్ల అబ్బాయి ఎలా ఉన్నాడని అమ్మ చివరిదాకా అడిగేది" అంది.

ఇక నా వల్ల కాలేదు. చెప్పేశాను. అత్తగారి మాట, గేటు, గుంట, రెండేళ్ళ కిందట చూసిన రాయి, అన్నీ. బురద సంగతి దాచేయొచ్చు, తనకు ఎప్పటికీ తెలిసేది కాదు. అది కూడా చెప్పాను. సునీత పాపను తీసుకుని మేడ మీదికి వెళ్ళిపోయింది. సునీతకూ అప్పటిదాకా తెలియదు.

ఈవా తిట్టలేదు. ఏడవలేదు. కంచం పక్కకు జరిపి, గుట్ట మీదికి ఏ మలుపులో తిరగాలని అడిగింది. చెప్పాను. మళ్ళీ ఒకసారి చెప్పించుకుంది. 

"రేపు నేను తీసుకెళ్తాను" అన్నాను.

"వద్దు" అంది. "మారెక్ వస్తాడు. నువ్వు మాత్రం రాకు."

కోటు తీసుకుని వెళ్ళిపోయింది. తర్వాత ఫోన్ లేదు. విమానం ఎక్కే ముందు చేస్తుందేమోనని ఎదురు చూడటం లేదంటే అది ఇంకో అబద్ధం అవుతుంది. సునీత నాతో అవసరానికే మాట్లాడుతోంది. క్షమించమని నేను ఎవర్నీ అడగలేదు, అడిగే హక్కు లేదు. కానీ ఆ రాయి దగ్గరికి ఇప్పుడు ఆయన మనవలు వెళ్ళగలరు. నేను చెప్పాను కాబట్టి వెళ్ళగలరు. ఆ రోజు నిజం చెప్పలేదు కాబట్టి వాళ్ళమ్మ వెళ్ళలేకపోయింది. ఈ రెండు మాటలూ నిజమే, రెండూ నావే.