పరీక్ష రోజు జ్వరం

మా పాప మూడో తరగతిలో ఉన్నప్పుడు ఒక సాయంత్రం వాళ్ళ క్లాస్ టీచరు ఫోన్ చేసి, మంగళవారం పాపను స్కూలుకు పంపవద్దని చెప్పింది. అప్పుడు నేను బెంగళూరు బొమ్మనహళ్ళిలోని మా కొట్టులో ఉన్నాను. గార్మెంట్స్ వాళ్ళకు దారాలు, గుండీలు, జిప్పులు అమ్మే కొట్టు అది.

"మంగళవారం సెలవా మేడం?" అని అడిగాను.

"సెలవు కాదండి. ఆ రోజు బెంచ్‌మార్క్ టెస్ట్ ఉంది."

"టెస్ట్ రాయాలంటే రావాలి కదా."

ఆమె గుంటూరు వైపు నుంచి కొత్తగా ఉద్యోగానికి వచ్చిన అమ్మాయి. "కొంతమంది పిల్లలకి బాగా స్ట్రెస్ అవుతుందండి. పాప హెల్త్ కోసమే చెప్తున్నా. ఫీవర్ అని చెప్పి లీవ్ పెట్టేయండి, చాలు," అంది.

ఆ టెస్టును బయటి కంపెనీ ఒకటి చాలా స్కూళ్ళలో ఒకేసారి పెట్టేది. ప్రశ్న కింద నాలుగు జవాబులుంటాయి. సరైనదాని పక్కనున్న సున్నాను పెన్సిలుతో నింపాలి. దిద్దేది మిషను. రాసిన పిల్లలందరి సగటును బట్టి స్కూలుకు గ్రేడు వస్తుంది. ఆ గ్రేడును స్కూలువాళ్ళు బ్యానరు మీద వేయించి గేటుకు కడతారు.

మా పాపకు ప్రాక్టీసు టెస్టులో అసలు మార్కులే రాలేదు. మీ ఇంటికి నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయన్న ప్రశ్నకు బావి, చెరువు, నది, వాన అని జవాబులిచ్చారు. పాప అయిదో సున్నా గీసి, దాన్ని నింపి, పక్కన ట్యాంకర్ అని రాసింది. ఇలా అదనంగా ఏమైనా గీస్తే మిషను షీటు మొత్తాన్నీ తోసిపుచ్చుతుందట.

ఫోను సంగతి ఇంట్లో చెప్పాను. మా అమ్మ బియ్యం ఏరుతూ వింది.

"పరీక్ష దినం ఇస్కూలికి రావద్దనేది యాడన్నా ఉండాదా అప్పా?"

"జ్వరమని చెప్పమన్నారమ్మా."

మా అమ్మ లేచి వెళ్ళి మనవరాలి మెడ మీద చెయ్యి పెట్టి చూసింది. "ఏమీ లేదే," అని వచ్చి మళ్ళీ బియ్యం ముందు కూర్చుంది.

పాప మాత్రం వెళ్తానంది. టెస్టు రోజు హోంవర్క్ ఇవ్వరట. నేను కూర్చోబెట్టి ఒక్కటే చెప్పాను. ఉన్న నాలుగింటిలోనే ఒకటి నింపాలి.

"నాలుగూ తప్పయితే?"

"వదిలెయ్. కొత్తది గీయొద్దు."

ఆలోచించి, సరేనంది.

మంగళవారం గేటు దగ్గర హెడ్‌మిస్ట్రెస్ నిలబడి ఉంది. మమ్మల్ని చూసి కన్నడంలో అడిగింది, పాపకు జ్వరమన్నారే అని.

"మేము అనలేదు మేడం. మీ టీచరు అన్నారు."

"ఇప్పుడెలా ఉంది?"

"బాగుంది."

లోపలికి పంపక ఆమెకు తప్పలేదు.

మధ్యాహ్నం పాప ముఖం ముడుచుకుని బయటికి వచ్చింది. పేపరు కష్టంగా ఉందా అని అడిగాను. కాదంది. వెనక బెంచీలు ఖాళీగా ఉన్నాయట. రోజూ తన పక్కన కూర్చునే స్నేహితురాలు రాలేదట. "దానికి కూడా జ్వరమంట," అంది.

సాయంత్రం చూసి వద్దామని పట్టుపట్టింది. గార్మెంట్స్ ఫ్యాక్టరీ వెనక సందులో ఆ పిల్ల తాడాట ఆడుతూ కనిపించింది. మా పాప వెంటనే తాడు రెండో కొస అందుకుంది. ఆ పిల్ల తల్లి మదనపల్లె నుంచి వచ్చి ఆ ఫ్యాక్టరీలోనే మిషను మీద కుడుతుంది. పిల్లకోసం ఆ రోజు లీవు పెట్టుకుంది.

"జరమొస్తాదని టీచరమ్మ చెప్పిందన్నా. ఒళ్ళు చూస్తే సల్లగానే ఉండాది. సదువుకున్నోళ్ళు చెప్పినారు కదా అని పండబెట్టినా. కొంచేపు పండుకొని లేచిపాయ."

తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "నిజం చెప్పన్నా. మా పాప మొద్దని రావద్దనిరా?"

మాకూ ఫోన్ వచ్చిందన్నాను.

"నాకొక్కదానికే చేసినారనుకొంటి," అంది.

ఆ శనివారం పేరెంట్స్ మీటింగు. హెడ్‌మిస్ట్రెస్ క్రమశిక్షణ గురించి మాట్లాడి, ప్రశ్నలున్నాయా అని అడిగింది. నేను లేచి, టెస్టు రోజు పిల్లల్ని పంపవద్దని ఎంతమందికి ఫోన్లు వచ్చాయని అడిగాను. ఎవరూ కదల్లేదు. కూర్చుందామనుకుంటుండగా పాప స్నేహితురాలి తల్లి చెయ్యెత్తింది. ఆ తర్వాత మెడలో ఆఫీసు ట్యాగు వేసుకున్న ఒకాయన. ఆ తర్వాత ఇంకొన్ని చేతులు. ట్యాగు ఆయన భార్య పక్కనే ఉంది. "నాకు చెప్పలేదే," అని ఆయన్ని అడిగింది. ఆయన ఎదురుగా ఉన్న గోడను చూశాడు.

అది సలహా మాత్రమేనని హెడ్‌మిస్ట్రెస్ అంది. ట్యాగు ఆయన ఇంగ్లీషులో మర్యాదగా, రానివాళ్ళకు మళ్ళీ పెట్టే వీలుందా అని అడిగాడు. ఉందట. కంపెనీ నిబంధనల్లోనే ఉందట. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదట.

మీటింగు అయ్యాక మెట్ల దగ్గర క్లాస్ టీచరు నన్ను ఆపింది. "ఆ ఫోన్లు నాకిష్టమై చేయలేదండి."

"తెలుసమ్మా."

"నెక్స్ట్ ఇయర్ కూడా చేయమంటారేమో."

"చేయండి. మేము పంపిస్తాం."

ఆమెకు నవ్వొచ్చింది కానీ, హెడ్‌మిస్ట్రెస్ అటే వస్తుండటంతో ఆపుకుంది.

మిగిలిన పిల్లలు తర్వాతి వారం టెస్టు రాశారు. ఎవరికీ జ్వరం రాలేదు. స్కూలుకు పోయినేడు వచ్చిన గ్రేడే వచ్చింది. పాత బ్యానరు మీద సంవత్సరం ఉన్నచోట కాగితం అంటించి మళ్ళీ కట్టారు.

రిజల్టు రోజున ఆ స్నేహితురాలి తల్లి ఫ్యాక్టరీ నుంచి నేరుగా వచ్చింది. బట్టల మీద దారపు పోగులు అలాగే ఉన్నాయి. మార్కులు నాకు చూపించింది.

"ఇది మంచి మార్కేనా అన్నా?"

"మంచిదే. మా పాప కంటే ఎక్కువ."

ఆమె ముఖం వెలిగింది. అంతలోనే ఇబ్బంది పడిపోయింది. మా పాపను దగ్గరికి తీసుకుని తల నిమిరింది. "బాదపడొద్దు తల్లీ. నువ్వూ బాగానే సదువుతావు," అంది.

మా పాప బాధపడటం లేదు. తల నిమరడం ఎప్పుడు అయిపోతుందా అని చూస్తోంది. వదలగానే ఇద్దరూ చేతులు పట్టుకుని ఉయ్యాల వైపు పరిగెత్తారు.