గోడకు అవతలి మంత్రి

మా పక్కింటి ఎల్‌ఫ్రీడా గారు ఇక లేరన్న వార్త నాకు మా ఆయన నోటనే తెలిసింది. ఆయన ఇక్కడ, ఐర్లండ్‌లోని గాల్వేలో ఆసుపత్రి నర్సు. కోవిడ్ వార్డులో పని కనుక, మాకు అంటకూడదని వేరే గది తీసుకుని ఉంటున్నారు. "సునీ, మన జర్మన్ ఆంటీ పోయిందే. నిద్రలోనే. నా డ్యూటీలోనే," అన్నారు వీడియో కాల్‌లో. చేతిలో పాలసీసా పట్టుకుని, మా రెండిళ్ళకూ ఉమ్మడిగా ఉన్న గోడ వైపు చూస్తూ ఉండిపోయాను.

ఈ వీధికి ఆమె కుక్కతో నడిచే వృద్ధురాలు మాత్రమే. జర్మనీలో ఒకప్పుడు ఒక రాష్ట్రానికి మంత్రి. బడి టీచరుగా మొదలై, పట్టణ సభకు ఎన్నికై, మేయరై, చివరకు పునరావాస శాఖ చేపట్టారు. బొగ్గు గనుల కోసం ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ చేయించే శాఖ అది. "మగమంత్రులు వంతెనలకు రిబ్బన్లు కత్తిరించేవారు. ఇళ్ళు కూల్చే పని నాకిచ్చారు," అనేవారు.

ఆమెకొక నియమం ఉండేది. ఏ ఊరి కూల్చివేత ఉత్తర్వు మీదైనా సంతకం పెట్టే ముందు, ఆ ఊళ్ళో ఖాళీ అయిన ఇంట్లో ఒక రాత్రి ఒంటరిగా నిద్ర చేసేవారు. "చివరి రాత్రి ఏ ఇల్లూ ఒంటరిగా ఉండకూడదు," అన్నది ఆమె మాట. తోటివారు దిండు మంత్రి అని వెక్కిరించారట. శాసనసభలో ఒకాయన ఏకంగా దిండు తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడట.

"మీరేం చేశారు?" అన్నాను.

"మంచి దిండు. తిరిగివ్వలేదు. ఇప్పటికీ దాని మీదే పడుకుంటాను."

ఒక ఊళ్ళో ఆమె పడుకున్న ఇంటి గోడకు ఆనుకుని ఉన్న ఇల్లు అప్పటికే నేలమట్టమయింది. మిగిలింది గోడ ఒక్కటే, దాని అవతల ఆకాశం. తెల్లవారుజామున ఆ గోడకు అవతలి నుంచి ఎవరో రెండుసార్లు తట్టారు. ఈ మాట ఆమె కూరగాయల ధర చెప్పినంత మామూలుగా చెప్పారు.

"భయం వేయలేదా?"

"వేసింది. అయినా తట్టాను. అడిగింది ఒక్కటే కదా, ఎవరైనా ఉన్నారా అని. ఉన్నప్పుడు ఉన్నానని చెప్పాలి."

మరొక ఊళ్ళో రాత్రంతా ఏ చప్పుడూ లేదట. "ఇల్లు ఊపిరి బిగబట్టినట్టుంది," అన్నారు. బతికున్నదాన్ని కూల్చమనలేక పొద్దున ఆమె సంతకం పెట్టలేదు. పదవి పోయింది. కొంతకాలానికి ఇక్కడ చిన్న ఇల్లు కొనుక్కున్నారు.

లాక్‌డౌన్ మొదలయ్యేసరికి నా బిడ్డ మిన్ను పసిగుడ్డు. నెలలు నిండకుండా పుట్టింది. నిద్రలో దాని ఊపిరి ఆగిపోతుందేమోనన్న భయంతో నేను కన్ను మూసేదాన్ని కాదు. మా ఫ్యామిలీ డాక్టరుకు ఫోన్ చేస్తే, "పాప గ్రాండ్, మీరే కాస్త పడుకోండి," అనేవారు. గ్రాండ్ అంటే ఇక్కడ బాగానే ఉందని అర్థం. ఆ సంగతి పెరటి కంచె దగ్గర చెప్పుకుని ఏడ్చాను. "ఈ దేశంలో ఇల్లు కాలుతున్నా గ్రాండే," అని నవ్వించారు ఎల్‌ఫ్రీడా గారు. ఆ సాయంత్రమే తన మంచం ఉమ్మడి గోడ దగ్గరికి జరుపుకున్నారు. "భయం వేస్తే రెండుసార్లు తట్టు."

తట్టేదాన్ని. ఏ వేళ తట్టినా రెండు దెబ్బలు తిరిగి వచ్చేవి. అయినా నిద్ర మాత్రం పట్టేది కాదు. ఆమెను అంబులెన్స్ తీసుకెళ్ళాక ఆ గోడ గోడే అయిపోయింది.

శవవాహనం మా వీధిలోంచి వెళ్తుంటే అందరం ఎవరి గుమ్మంలో వాళ్ళం నిలబడ్డాం. అంతకుమించి ఏమీ చేయలేకపోయాం. తర్వాత ఆమె కూతురు జర్మనీ నుంచి ఫోన్ చేసింది. ఇల్లు అమ్మేస్తున్నామని, లాక్‌డౌన్ వల్ల తాను రాలేనని చెప్పింది. "అమ్మ నియమం మీకు తెలుసుగా. తాళం చెవి మీ దగ్గరే ఉంది. ఒక్క రాత్రి..."

మా ఆయన ఫోన్‌లో కేకలేశారు. "పిచ్చా నీకు? చంటిదాన్నేసుకుని పోయినావిడ ఇంట్లో పడుకుంటావా?"

"మీ గది కంటే శుభ్రంగా ఉందిలెండి."

"వెటకారాలొద్దు. పాపకేమన్నా అయితే?"

ఆ భయం మా ఇంట్లో ఉన్నా ఉండేదే. వెళ్ళాను.

మంచం గోడకానుకునే ఉంది. ఆ దిండూ ఉంది. మిన్నును పక్కన పడుకోబెట్టుకుని, ప్రార్థన చేసుకుని, దాని పొట్ట లేచి పడటం చూస్తూ కూర్చున్నాను. తెల్లవారుజామున గోడకు అవతలి నుంచి రెండుసార్లు తట్టిన చప్పుడు వినిపించింది.

అవతల ఉన్నది మా ఇల్లే. తాళం వేసి వచ్చాను. లోపల ఎవరూ లేరు.

ముందు బిడ్డను చూశాను. ఊపిరి తీస్తోంది. గోడ మీద రెండుసార్లు తట్టాను. మళ్ళీ ఏ చప్పుడూ లేదు. అడిగినవాళ్ళకు జవాబు అందినట్టే ఉంది. ఆ దిండు మీద తల వాల్చాను. మిన్ను నా ముక్కు పట్టి లాగితే మెలకువ వచ్చింది. గది నిండా ఎండ. బిడ్డ పుట్టాక నేను అలా నిద్రపోవడం అదే మొదలు.

పెద్ద పదవిలో ఉండి, కూలబోయే ఇంటికి కూడా తోడుండాలనుకున్న మనిషి ఆమె. అలాంటి పొరుగు నాకు మళ్ళీ దొరకదు. ఎల్‌ఫ్రీడా గారూ, మీ ఇంటికి చివరి రాత్రి తోడున్నాను. ఆ ఇంటికి కొత్తవాళ్ళు వస్తారు. రాత్రి ఎవరికైనా భయం వేస్తే తట్టమని చెబుతాను. ఇవతల నేనున్నాను.