గంజి కరువులో పుట్టినవాడు

చెవికి మిషను తగిలించుకున్నప్పటి నుంచి ఫోను ఎత్తడం తగ్గించాను. పోయిన నెల ఒకరోజు మాత్రం అది ఆగకుండా మోగింది. ఎత్తితే, హైస్కూల్లో నాతో చదివిన శెట్టిగారబ్బాయి. ఎనభై దాటినా నా లెక్కలో ఇంకా అబ్బాయే. "ఏమప్పా, బతికే ఉండావా? మన క్లాసులో పదకొండు మందిమి మిగిల్నాము. ఆదివారం అనంతపురంలో అందరం కలుస్తాండాము. పొడుగోడు గూడా రాయదుర్గం నుంచి వస్తాండాడు" అన్నాడు. అన్నిటికీ సరే సరే అంటూ పోయిన నాకు, పొడుగోడు అన్న మాట వినగానే గుండెల్లో రాయి పడింది. వాణ్ణి చూసి యాభై ఏళ్లు దాటింది. అది దానంతట జరిగింది కాదు, నేనే తప్పించుకు తిరిగాను.

మేము చదివింది యాభైల్లో. వాన చినుకు పడితే మాస్టరే పాఠం ఆపి కిటికీ దగ్గర నిలబడి చూసేవాడు, మా వైపు వాన అంత అపురూపం. క్లాసులో అందరం ఒక ఈడువాళ్లం కాము. కరువొస్తే బడి మానేసి గొర్రెల వెంట పోయి, నాలుగు వానలు పడ్డాక మళ్లీ వచ్చి బెంచీ మీద కూర్చున్నవాళ్లు చాలామంది ఉండేవాళ్లు. మీసాలొచ్చినవాళ్లు ముగ్గురు, పెళ్లయినవాడు ఒకడు. ఆ పెళ్లయినవాడికి లెక్క తప్పితే కొట్టడానికి మాస్టరు మొహమాటపడి, "ఉండు, నీ పెండ్లాంతో చెప్తా" అని బెదిరించేవాడు. పుట్టిన తేదీ అనేది మాకెవరికీ ఉండేది కాదు. బళ్లో వేసిననాడు అయ్యవారు ఏది రాస్తే అదే మన పుట్టుక. అలా సగం క్లాసు జులై ఒకటినే పుట్టింది. పొడుగోడికి ఆ భాగ్యం కూడా లేదు, వాళ్ల ఊరి బడి రిజిస్టరును చెదలు తినేశాయి. హైస్కూల్లో వాడి వయసు గడి ఖాళీగానే ఉండిపోయింది.

నా చేతిరాత గుండ్రంగా ఉండేది. అందుకని పబ్లిక్ పరీక్ష ఫారాలు నింపే పని మాస్టరు నాకు అప్పగించాడు. ఆ నాలుగు రోజులూ నా కాళ్లు నేల మీద ఆనలేదు. పొడుగోడికి తండ్రి లేడు. వయసు చెప్పడానికి వాళ్లమ్మ, శనక్కాయ చేలో కలుపు తీస్తున్నది లేచి, బస్సెక్కి వచ్చింది. ఎంత పిలిచినా గడప దాటి లోపలికి రాలేదు. మాస్టరు నన్ను పంపితే, కాగితం పట్టుకుని వరండాలోకి పోయి పెద్ద ఆఫీసరులా తేదీ అడిగాను.

"తేదీ యాడుండాది నాయనా మాకు? గంజి కరువులో పుట్టినాడు. అదే రాసుకో సామీ" అంది.

గంజి కరువు నాకు తెలుసు. చావిడి ముందర గుండిగల్లో గంజి కాచి జనానికి పోసిన కరువు. మా నాయన దాని గురించి చెప్పని రోజు ఉండేది కాదు. వేళ్ల మీద లెక్కపెట్టి సంవత్సరం వేశాను, తేదీ షరా మామూలుగా జులై ఒకటి. ఫారాలు వెళ్లిపోయిన వారానికి అన్నం దగ్గర ఈ సంగతి గొప్పగా చెప్పుకున్నాను. నాయన సంగటి ముద్ద చేత్తో పట్టుకునే ఆగిపోయాడు. "ఏ గంజి కరువురా? మనూర్లో గంజి పోసింది ముందు కరువులో. ఆ పిల్లోనిది సోమందేపల్లె పక్క ఊరు గదా, ఆ ఊర్లకు గంజి వచ్చింది దాని తర్వాత కరువులో. రెండిటి నడాన నాలుగేండ్లు" అన్నాడు. ఏళ్లను కరువులతో లెక్కపెట్టుకునే సీమ మాది. కరువులకు కొదవ లేదు గాని వాటికి పెట్టే పేర్లకే కొదవ వచ్చింది. మాస్టరుకు చెబితే బెత్తం విరుగుతుంది. పరీక్ష పాసయ్యాక ఇచ్చే ఎస్సెల్సీ పుస్తకంలో వయసు నాలుగేళ్లు ఎక్కువుంటే ఎవరి సొమ్మేం పోయిందని ఊరుకున్నాను.

ఏం పోయిందో అరవైల్లో తెలిసింది. పరుగులో పొడుగోణ్ణి మించినవాడు మా స్కూల్లో లేడు. పోలీసు సెలక్షన్‌కు పోయి, పరుగు గెలిచి, ఎత్తూ ఛాతీ కొలతలు దాటి, చివర ఆ ఎస్సెల్సీ పుస్తకం చూపించే చోట ఆగిపోయాడు. నేనప్పుడే తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరాను. సాయంత్రం ఆఫీసు ముందుకొచ్చి నిలబడ్డాడు. కాళ్లకు మైదానం దుమ్ము అలాగే ఉంది.

"వయసు మీరిందంటప్పా. నేనింత ముసిలోన్నని నాకే తెల్లేదు" అని నవ్వాడు. నవ్వు ఆపి, "ఆ పొద్దు ఫారం రాసినోడివి నువ్వే కదా. మాయమ్మ నీకేమని చెప్పింది?" అని అడిగాడు.

నిజం నోటి దాకా వచ్చింది. కాని కొత్త ఉద్యోగం, ఇంకా పర్మినెంటు కాలేదు. సర్కారు కాగితంలో తప్పు రాసినవాడని బయటపడితే నా గతేమిటని భయపడ్డాను. "మీయమ్మ ఎట్ల చెప్తే అట్లే రాసినానప్పా" అన్నాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. నేను ఆడిన అబద్ధాలన్నీ కలిపినా ఆ నిజమంత నీచంగా ఉండవు. వాడు తలూపి వెళ్లిపోయాడు. తర్వాత లారీ క్లీనరై, డ్రైవరై, బళ్లారి దారుల్లో బతుకుతున్నాడని విన్నాను.

ఆదివారం పదకొండు మందిమీ చేరాం. శెట్టిగారబ్బాయి ఉగ్గాని, బజ్జీలు పెట్టించాడు. మోకాళ్ల గురించీ చక్కెర గురించీ అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, సగంమందికి వినపడదు, అందుకని గొడవ రాలేదు. పొడుగోడు నడుము వంగి, ఇప్పుడు నా భుజమంత ఎత్తే ఉన్నాడు. నన్ను చూసి రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆ ప్రేమకు నాకు సిగ్గేసింది. వరండాలోకి తీసుకుపోయి, కుర్చీలో కూర్చోబెట్టి, రెండు గంజి కరువుల సంగతీ మొదటి నుంచి చివరి దాకా చెప్పేశాను.

వాడు కుర్చీ నా వైపు జరుపుకున్నాడు. "అంటే మాయమ్మ సరిగ్గానే చెప్పిందా?" అన్నాడు.

"సరిగ్గానే చెప్పింది. మా ఊరి కరువు రాసింది నేను."

"ఉద్యోగం పాయ, పోనీలేప్పా. లారీ తోలి పిల్లోళ్లను సాకినాను. ఆ పొద్దు నీ కాడ నుంచి నేరుగా ఇంటికి పోయి మాయమ్మను అనరాని మాటలన్నాను. కొడుకు ఎప్పుడు పుట్టినాడో తెలీందానివి నువ్వేం తల్లివే అంటి. రెండేండ్లు ఆమెతో మాట్లాడలేదు. ఆమె ఇంకో ఇరవై ఏండ్లు బతికింది. సచ్చేదాంకా ఊర్లో ముసిలోళ్లందరినీ అడుగుతానే ఉండె, నా కొడుకు పుట్టింది ఏ కరువులో, నేను తప్పు చెప్పినానా అని."

నేను వాడి చెయ్యి పట్టుకోబోయాను. మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. "చెప్పినావు, మంచిదే. తప్పయిందని మాత్రం నాతో అనాకప్పా. అది ఆమె ముందర అనాల్సిన మాట" అని లేచి, గోడ పట్టుకుంటూ లోపలికి పోయాడు. లోపల ఎవరో వాణ్ణి చూసి గట్టిగా నవ్వుతూ పలకరించారు. వాడు కూడా నవ్వాడు.

తిరిగొచ్చే బస్సులో నాకు వేరే ధ్యాస లేదు. మా తాలూకా ఆఫీసు ముందు నుంచి వాళ్ల ఊరికి రోజుకు మూడు బస్సులుండేవి, అరగంట ప్రయాణం. ఇన్నాళ్లూ కాలం ఎంత తొందరగా గడిచిపోయిందో అని అందరితో పాటు నేనూ నిట్టూరుస్తూ వచ్చాను. ఆ తల్లి విషయంలో అది తొందరపడలేదు, ఇరవై ఏళ్లు ఓపిగ్గా కూర్చుని నా అరగంట కోసం ఎదురు చూసింది.