బొట్టు లేని పాదాలు

పోయిన ఏడాది ఎండాకాలం మొదట్లో, వరంగల్ మట్టెవాడలోని మా ఆఫీసులో, పురావస్తు అధికారి కళ్ల మీది హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టి ఒకే ప్రశ్న అడిగారు.

"ఈ పాదాల రాయి ఇప్పుడు ఎక్కడుంది?"

గదిలో నలుగురం. జవాబు ముగ్గురికి తెలుసు: నాకు, మా త్రీడీ డిజైనర్ స్వాతికి, గోడ పక్క కుర్చీలో కూర్చున్న కొమురవ్వకు. కొమురవ్వ అధికారిని చూడలేదు. నన్నే చూస్తోంది.

పత్రికలో చాలా ఏళ్లు డెస్కులో పనిచేసి మానేశాక ఈ పనిలోకి వచ్చాను. మాది చిన్న వర్చువల్ రియాలిటీ సంస్థ. శిథిలమైన కట్టడాలు ఒకప్పుడు ఎలా ఉండేవో కంప్యూటర్‌లో మళ్లీ కడతాం. హెడ్‌సెట్ పెట్టుకున్నవారికి ఆ కట్టడం మధ్యలో నిలబడినట్టే ఉంటుంది. తల తిప్పిన వైపల్లా గోడలు, స్తంభాలు కనిపిస్తాయి. వెనక వినిపించే వ్యాఖ్యానం రాయడం నా పని.

అప్పుడు చేస్తున్నది వరంగల్‌కు రెండు గంటల దూరంలో, ఒక గుట్ట మీది బౌద్ధ చైత్యం. మిగిలింది ఇటుక పునాదులు, నాలుగైదు విరిగిన స్తంభాలు. కొండెక్కినవారు అరగంట తిరిగి, చూడటానికి ఏముందని దిగిపోతారు. వాళ్ల కోసమే ఈ షో.

గుట్ట కింది ఊళ్లో ఒక రేకుల గుడి ఉంది. అందులో రెండు పాదాలు, మధ్యలో చక్రం చెక్కిన పలక. ఎప్పుడో పైనుంచి దొర్లి వచ్చిందంటారు. చెక్కినవాళ్లకు అవి బుద్ధుడి పాదాలు. ఊరికి మాత్రం అది పాదాలమ్మ. డెబ్బై ఏళ్లు దాటిన కొమురవ్వ మంగళవారం మంగళవారం దాన్ని కడిగి, పసుపు రాసి, కుంకుమ పెడుతుంది. ఆమె అత్త చేసిన పని, ఆమె చేతికి వచ్చింది.

మాకు ఆ పలక ఫొటోగ్రామెట్రీ కావాలి. అంటే ఒకే వస్తువును అన్ని పక్కల నుంచీ వందల ఫొటోలు తీసి, కంప్యూటర్‌లో దాని నిండు రూపం కట్టడం. ఏం చేస్తారని కొమురవ్వ అడిగింది. ఫొటోలేనని, రాయిని ముట్టుకోమని చెప్పాను. అబద్ధం కాదు. కానీ ఆ ఫొటోలు ఎక్కడ పెడతామో, ఎవరు చూస్తారో చెప్పలేదు. ఆమె పూజ ముగించేదాకా మమ్మల్ని బయట నిలబెట్టి, తర్వాత పక్కకు జరిగింది.

ఆఫీసుకు వచ్చాక స్వాతి రూపంలోంచి పసుపు, కుంకుమ చెరిపి, పలకను చైత్యం గుమ్మం ముందు నిలిపింది. పాతకాలపు రాయిలా కనిపించాలంటే అలాగే చేస్తారు. నాకూ తప్పనిపించలేదు.

అధికారి షో చూడటానికి వచ్చే రోజే కొమురవ్వనూ పిలిచాను. సాయం చేసిన మనిషే అందరికన్నా ముందుగా చూడాలనుకున్నాను. ఆమె బస్సు దిగి వచ్చి, చెప్పులు గది బయటే విడిచింది. హెడ్‌సెట్ పెట్టగానే చేతులు జోడించింది. మంచిగున్నది బిడ్డా అంటూ మెల్లగా తిరిగింది. గుమ్మం వైపు వచ్చేసరికి మాట ఆగింది. వంగి చెయ్యి చాపింది. చేతికి గాలి తప్ప ఏమీ తగల్లేదు.

"అమ్మను ఈడికి ఎప్పుడు తెచ్చిండ్రు?"

హెడ్‌సెట్ తనే లాగేసుకుంది. రాయి ఊళ్లోనే ఉందని, ఇది బొమ్మేనని స్వాతి నచ్చజెప్పబోయింది.

"బొమ్మకైతే బొట్టెందుకు తుడిచిండ్రు? ఇయ్యాల బొమ్మ వెట్టిండ్రు. రేపు రాయి తెచ్చి పెడ్తరు."

అప్పుడే మెట్ల మీద అధికారి అడుగుల చప్పుడు. షోలోంచి పలక తీసేసే వ్యవధి లేదు.

ఆయన షో చూసి రాయి ఎక్కడుందని అడిగింది అప్పుడే. సమాచారం ఇచ్చినవారి పేరు బయటపెట్టకపోవడం పత్రికలో నేర్చుకున్న అలవాటు. పురాతన వస్తువు సంగతి అధికారికి దాచడం తప్పని కూడా తెలుసు. రికార్డు చూసి చెప్తానని నసిగాను. ఆ రికార్డు స్వాతి ముందు తెరిచే ఉంది.

కొమురవ్వ లేచింది.

"మా ఊళ్లున్నది సారూ. నేనే కడుగుత. వచ్చి చూడుండ్రి. తీస్కపోవద్దు."

అధికారి మర్యాదస్తుడు. ఊరి పేరు అడిగి డైరీలో రాసుకున్నారు. కడిగి కడిగి చెక్కడం అరిగిపోతుందని, మ్యూజియంలో అయితే భద్రంగా ఉంటుందని నెమ్మదిగా చెప్పారు.

"ఆడ పసుపెవరు రాస్తరు సారూ?"

ఆయన డైరీ మూశారు. వచ్చి చూస్తానని మాత్రమే చెప్పి వెళ్లిపోయారు.

కొమురవ్వను ఆటోలో బస్టాండ్‌కు తీసుకెళ్లాను. బస్సెక్కుతూ నా వైపు తిరిగింది. "పేపర్ల పనిజేసినవంట. అడుగుడు నేర్చినవ్ గని, చెప్పుడు నేర్వలే."

అప్పటి నుంచి ఏ ఊళ్లో కెమెరా తీసినా, ముందు హెడ్‌సెట్ అక్కడివాళ్లకు పెట్టి పాత షో ఒకటి చూపిస్తాను. మీ వస్తువు ఇలా, ఇన్ని కళ్ల ముందు ఉంటుందని చెప్పి, అప్పుడు అడుగుతాను. ఇద్దరు ముగ్గురు వద్దన్నారు. వెనక్కి వచ్చేశాం.

చైత్యం షోలో ఇప్పుడు పలక లేదు. అధికారి ఊరికి వెళ్లి కొలతలు తీసుకున్నారు, పైకి నివేదిక పంపారు. ఉత్తర్వు ఇంకా రాలేదు. పోయిన నెల నేను ఆ ఊరికి వెళ్లాను. ఎన్నడూ తలుపు లేని ఆ గుడికి ఊరివాళ్లే ఇనుప తలుపు పెట్టి, తాళం వేశారు.