పండకముందే కోసిన సగం

పండు నోట్లో వేసుకుని, గింజ పటుక్కున కొరికి, "ఇంకో వారం ఆగుదాం" అనడమే జుల్మా పెర్డోమో వ్యవసాయం. కానెలోనెస్ జిల్లాలో ఆమె ద్రాక్షంత తీపి ద్రాక్ష లేదనేవారు. అంత ఆలస్యంగా కోసే మనిషి కూడా లేదనేవారు.

అలాంటిది, తోటలో ముదిరి కాపు తగ్గిన వెనక భాగంలో తీగలు పీకించి హెంప్ వేసింది. గంజాయి జాతి మొక్కే. కానీ కొనేవాళ్లకు కావలసింది అందులోని సీబీజీ అనే పదార్థం. అది మత్తెక్కించదు, ఎక్కువమందికి దాని పేరు కూడా తెలియదు. పూత దశలో ముందు పుట్టేది అదేననీ, పువ్వు ముదిరేకొద్దీ చాలావరకు వేరే పదార్థాలుగా మారిపోతుందనీ పంట చూడడానికి వచ్చిన వ్యవసాయ ఇంజనీరు మగెలా చెప్పింది. అలా పుట్టేవాటిలో మత్తుది కూడా ఉంటుంది. అది హద్దు దాటితే ప్రభుత్వం వాళ్లు వచ్చి చేను నరికి పూడ్చేస్తారు.

దేనికి వాడతారని జుల్మా అడిగింది.

"ఒంటికి రాసుకునే లేపనాల్లోనమ్మా. వాపులకూ క్రిములకూ పనికొస్తుందేమోనని చూస్తున్నారు. ఇంకా తేలలేదు."

తేలలేదన్న మాట జుల్మాకు నచ్చింది. కత్తెర పట్టి పట్టి నొచ్చే చేతులకని మగెలా ఇచ్చిన లేపనాన్ని రోజూ ఎడమ చేతికి మాత్రమే రాసుకునేది. రెండు చేతులకూ రాస్తే తేడా ఎలా తెలుస్తుందని ఆమె వాదన.

వేసవి చివర్లో మగెలా పూత పరీక్ష చేయించి, ఈ వారమే కోయమంది. చిక్కల్లా అక్కడే వచ్చింది. ఆ చుట్టుపక్కల కోతలు వంతుల మీద సాగుతాయి. ఎవరి పంట ముందు పండితే అందరూ ముందు అక్కడికే పోతారు. ఎవరిది పండిందో రుచి చూసి చెప్పేది జుల్మా వాళ్లన్న ఓల్మెడో.

అతని వసారాలో మాటే అనే ఆకు టీ చెంబు చేతులు మారుతోంది. ఓల్మెడో జుల్మా తెచ్చిన పూమొగ్గ ఒకటి నమిలి, ఉమ్మేశాడు.

"పచ్చి చేదు. దీనికి వంతేమిటే?"

"పండితే కావలసిందే పోతుందట అన్నయ్యా."

"పండితే పోయే పంటా? ఇంకో వారం, ఇంకో వారం అని జీవితమంతా మమ్మల్ని చంపింది నువ్వు కాదూ?"

అందరూ నవ్వారు. జుల్మా కూడా నవ్వింది. అన్న చెప్పిందే నిజమని ఆమెలో సగం మనసు నమ్ముతోంది. థాంక్స్ చెప్పి చెంబు తిరిగిచ్చేసింది. అక్కడ థాంక్స్ అంటే ఇక చాలని అర్థం, ఆ మాట అన్నవాళ్లకు మళ్లీ టీ పోయరు.

మర్నాటి నుంచి ఒక్కతే కత్తెర పట్టింది. చేతులు సాగినంత మేర, అంటే చేనులో ఎగువ సగం కోసి ఆరబెట్టింది. కూలీలను పెడితే దిగువ సగం కూడా అయ్యేదే. పెట్టలేదు. ఆగితే ఏమవుతుందో చూడాలని ఆమెకు ఉంది.

ద్రాక్ష కోతలన్నీ అయ్యాక ఆమె హెంప్‌కు వంతు వచ్చింది. అప్పటికి దిగువన పూలు బరువుగా, జిగురుగా, ఘుమఘుమలాడుతున్నాయి. ఏ ద్రాక్ష రైతు చూసినా కోతకొచ్చిందనే అంటాడు. పరీక్షలో మాత్రం సీబీజీ అడుగంటింది, మత్తుది హద్దు దాటింది. ఎగువ సగాన్ని కొనేవాళ్లు తీసుకెళ్లారు. దిగువ సగాన్ని ట్రాక్టరు వచ్చి పూడ్చింది.

ఓల్మెడో కంచె దగ్గర నిలబడి అంతా చూశాడు.

"అదే విత్తనం, అదే మట్టి," అన్నాడు చివరికి.

"అవును."

"వచ్చే ఏడు ముందు వంతు నీదే. కానీ పండకముందు ఎప్పుడు కోయాలో నువ్వే చెప్పాలి. అది నా నాలుకకు తెలియదు."

తర్వాత ఆమె చేతుల వంక చూసి, నొప్పి తగ్గిందా అని అడిగాడు.

"రెండూ ఒకేలా నొస్తున్నాయి. ఎడమది కాస్త మెత్తబడింది, అంతే."

ఓల్మెడో ఆ లేపనం డబ్బా అడిగి తీసుకున్నాడు. గట్టు మీద కూర్చుని ప్యాంటు పైకి మడిచి, కుడి మోకాలికి మాత్రమే రాసుకున్నాడు.